తిండి గింజ వేరు, విత్తనం గింజ వేరు: కార్తెల లెక్కన ఇంటి విత్తనం దాచుకోవడం ఎలా

మా నాయనమ్మ కాపురానికి వచ్చింది 1950ల మొదట్లో. అప్పట్లో మా ఇంట్లో బీరువా లేదు, డబ్బుల పెట్టెకి తాళం లేదు. విత్తనాల గదికి మాత్రం తాళం ఉండేది. తాళంచెవి ఆవిడ రొంటిన ఉండేది, తాతయ్య అడిగినా ఇచ్చేది కాదట. మాది పల్నాటి నల్లరేగడి ఊరు. 1967లో సాగర్ కాలువలకు నీళ్ళు వదిలేదాకా వానే దిక్కు. జొన్న, కంది, పెరట్లో నాలుగు పాదులు, చెరువు కింద రెండు మళ్ళ వరి. అంతే సేద్యం. కొట్టుకెళ్ళి విత్తనం సంచి కొనడమనేది ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. మన దేశంలో మొట్టమొదటి సంకర (హైబ్రిడ్) జొన్నే 1964లో వచ్చింది. అంతకుముందు విత్తనమంటే పోయినేడు మన చేలో పండిన గింజే, లేకపోతే పక్కింటి చేలో పండింది.

ఇప్పుడు అరెకరం కొనుక్కున్నవాళ్ళు, పెరట్లో నాటు కూరగాయలు వేసేవాళ్ళు "విత్తనం ఎలా దాచాలి, ఎన్నిసార్లు దాచినా పుచ్చిపోతోంది" అని అడుగుతుంటే ఇది రాస్తున్నాను. ఆ కాలపు పద్ధతిలో పెద్ద రహస్యమేమీ లేదు. తినే గింజనూ విత్తే గింజనూ చేలో ఉన్నప్పుడే విడదీస్తారు. ఆ తర్వాత నూర్చేటప్పుడు, ఎండబెట్టేటప్పుడు, దాచేటప్పుడు ఎక్కడా కలవనివ్వరు. మనం పండిందంతా ఒక చోట పోసి, మిగిలినదాన్ని విత్తనం అంటున్నాం. తేడా అక్కడే.

ఒక హెచ్చరిక. సంచి మీద హైబ్రిడ్ అని ఉన్న విత్తనంతో వేసిన పంటలోంచి ఇలా దాచొద్దు. మొలుస్తుంది గానీ మరుసటి ఏడు ఒక మొక్క ఒకలా, ఇంకో మొక్క ఇంకోలా వస్తుంది. నాటు రకాలకు, సూటి రకాలకు (హైబ్రిడ్ కాని మెరుగు రకాలకు) మాత్రమే ఈ కష్టం పడండి.

ముందు కార్తెల లెక్క

సూర్యుడు ఏ నక్షత్రంలో ఉంటే ఆ కార్తె. ఇరవై ఏడు నక్షత్రాలు, ఒక్కోదానికి పదమూడు, పద్నాలుగు రోజులు. చాంద్రమానం నెలల్లా ఇవి అటూ ఇటూ జరగవు. ఏటా ఇంచుమించు అవే తేదీల్లో వస్తాయి కాబట్టే రైతు తిథుల కంటే కార్తెలనే ఎక్కువ నమ్మాడు. రోహిణి మే 25 ప్రాంతంలో వస్తుంది. మృగశిర జూన్ 8, ఆరుద్ర జూన్ 22, పునర్వసు జులై 6, పుష్యమి జులై 20. ఉత్తర సెప్టెంబరు 13, హస్త 27, చిత్త అక్టోబరు 10 లేదా 11. ఒక రోజు అటూ ఇటూ అయితే మునిగిపోయేదేం లేదు. గోడ మీద క్యాలెండర్లో ఇప్పటికీ కార్తెలు వేస్తున్నారు, చూసుకోండి.

అందరూ ఏడాదిని ఏరువాకతో మొదలుపెడతారు. విత్తనం లెక్కలో ఏడాది మొదలయ్యేది డిసెంబరు నడుమ, మూల కార్తెలో, ధనుర్మాసపు ముగ్గులు పడే రోజుల్లో.

చేలోనే ఏరండి

కోతకు వారం ముందు, మంచు ఆరాక, చేలోకి వెళ్ళండి. కొడవలి వద్దు, ఒక గుడ్డ సంచి, పురికొస చాలు. గట్ల పక్కన రెండు మూడు బారల మేర వదిలేయండి. గట్టు పక్క మొక్కకు ఎండ, గాలి, ఎరువు ఎక్కువ అంది అది ఏపుగా కనిపిస్తుంది. అది మొక్క గొప్పతనం కాదు, చోటు గొప్పతనం. పైగా పక్క చేను పుప్పొడి ముందు పడేది వాటి మీదే. వరికి ఈ భయం తక్కువ, తన పుప్పొడితో తానే గింజ కడుతుంది. జొన్న కూడా చాలావరకు అంతే గానీ, కొంత పక్క పుప్పొడీ కలుస్తుంది. కందికైతే తేనెటీగలు వాలి పక్క చేనుతో చుట్టరికం కలిపేస్తాయి. అందుకని చేను నడిమిలోంచే తీసుకోవాలి.

ఏం చూడాలి? కంకి సైజు ఒక్కటే చూస్తే మోసపోతారు. చుట్టూ ఉన్న మొక్కలతో పోటీపడి, అదే నీళ్ళతో అదే మట్టిలో బాగా నిలబడినది కావాలి. పడిపోయింది వద్దు, పురుగు తొలిచింది వద్దు. అన్నిటికంటే ముందు పండింది, అన్నిటికంటే వెనక పండింది కూడా వద్దు. జొన్న కంకిలో గింజల బదులు నల్లటి పొడి నిండిన తిత్తులు కనిపిస్తే అది కాటుక తెగులు. ఆ కంకిని మాత్రం దులపకుండా గుడ్డలో చుట్టి తీసి, చేను బయట కాల్చేయండి. చేతికి అంటిన ఆ నలుపుతో మంచి కంకిని ముట్టుకోకండి. నూర్పిడిలో ఆ పొడి మంచి గింజలకు అంటుకుని మళ్ళీ ఏడాది మొలకతో పాటే లేస్తుంది.

ఎకరం చేనుకు జొన్న విత్తనం నాలుగు కిలోలు కావాలి. మంచి కంకులు నూట యాభై ఏరితే తాలు, నష్టం పోను సరిపోతాయి. కందికైతే యాభై, అరవై మొక్కలకు పురికొస కట్టి గుర్తు పెట్టుకుని, కోతప్పుడు వాటిని విడిగా కోయండి. మా ఇంట్లో ఈ ఏరుడు పని ఆడవాళ్ళదే. సంక్రాంతికి వసారాలో పిచ్చుకల కోసం వరి కంకుల కుచ్చు కడతారు చూడండి, ఆ కుచ్చు కంకులూ విత్తనం కంకులూ ఒకే రోజు కోసేవారట. మంచివి గదిలోకి, మిగతావి పిచ్చుకలకు.

కళ్ళంలో

ఆ రోజుల్లో పంటంతా కళ్ళంలో ఎడ్లతో తొక్కించేవారు. తూర్పార పట్టాక రాశి కొలుస్తుంటే వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి వచ్చి ఎవరి మేర (ఏడాది పనికి గింజల్లో ఇచ్చే వాటా) వాళ్ళు తీసుకునేవారు. ఆ గందరగోళంలోకి విత్తనం కంకుల్ని తీసుకుపోకూడదు. ఎడ్ల గిట్టల కింద, నూర్చే రాతి రోలరు కింద గింజకు కంటికి కనపడని నెర్రె పడుతుంది. తినడానికి ఫర్వాలేదు, మొలకకు మాత్రం దెబ్బ. ఇప్పటి మిషన్ నూర్పిడి దెబ్బ ఇంకా ఎక్కువ.

మీరు చేయాల్సింది ఇది. ఏరిన కంకుల్ని కట్టలు కట్టి, గాలి ఆడే చోట తలకిందులుగా వారం రోజులు వేలాడదీయండి. తర్వాత గోనెపట్టా పరిచి సన్నకర్రతో మెల్లగా కొట్టండి. కొద్ది గింజే కదా, గంట పని. చేటతో చెరిగి, తాలూ పుల్లా పోగొట్టి, జల్లెడ పట్టి, సన్న గింజను తిండి వైపు తోసేయండి. లావు గింజే విత్తనం.

వరికి ఇంకో ఉపాయం ఉంది. ఇది పాతదేం కాదు, 1953లో జపాను పద్ధతి వరి సాగు అని ప్రచారం మొదలైనప్పుడు ఊరూరా చూపించారు. నీళ్ళలో ఉప్పు కలుపుతూ అందులో కోడిగుడ్డు వేయండి. గుడ్డు తేలి, దాని నెత్తి రూపాయి బిళ్ళంత పైకి కనబడేదాకా ఉప్పు వేయాలి. ఆ నీళ్ళలో వడ్లు పోస్తే తేలినవి తాలు, మునిగినవి విత్తనం. మునిగిన వాటిని వెంటనే రెండు మూడు నీళ్ళలో కడగాలి, లేకపోతే ఉప్పు మొలకను చంపుతుంది. అయితే ఇది నారు పోసే ముందు రోజు చేసే పని. ఇప్పుడే చేసి దాచుకుంటానంటే కుదరదు.

ఎండ

చాలామంది విత్తనం పోయేది ఇక్కడే. గింజలో తేమ ఒక్క శాతం తగ్గితే దాని ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందని విత్తన శాస్త్రంలో ఒక మోటు లెక్క ఉంది. నాయనమ్మకు శాతాలు తెలియవు, పళ్ళు తెలుసు. జొన్నగింజను కొరికితే మెత్తగా నలగకూడదు, టక్కుమని రెండు కావాలి. వరి, జొన్నలకు పన్నెండు శాతం, పప్పుగింజలకు తొమ్మిది శాతం తేమ దాకా ఆరాలి. పంటి మీద నమ్మకం లేకపోతే పొడి గాజు సీసాలో మూడో వంతు గింజలు, రెండు చెంచాల పొడి ఉప్పు వేసి బాగా కుదిపి, పావుగంట ఆగి చూడండి. ఉప్పు సీసా గోడలకు అంటుకుందంటే గింజ ఇంకా బాగా పచ్చిగా ఉన్నట్టే. అంటుకోనంత మాత్రాన పని అయిపోయిందనుకోవద్దు, ఇంకో రెండు ఎండలు చూపించి అప్పుడు కొరకండి.

తిండి గింజకు మిట్టమధ్యాహ్నం ఎండ మంచిదే, పురుగు చస్తుంది. విత్తనానికి ఆ ఎండ పనికిరాదు. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా, మళ్ళీ మూడు తర్వాత. నడుమ నీడన ఉంచి గుడ్డ కప్పండి. నేల మీద నేరుగా కాకుండా ఈతచాప మీదో గోనెపట్టా మీదో పలచగా పోసి, గంటకోసారి చేత్తో కెలకండి. సిమెంటు డాబా, రేకు, టార్పాలిన్ కాలిపోయి గింజలో ప్రాణాన్ని తీసేస్తాయి. శివరాత్రికి చలి పోయాక గాలి పొడిగా ఉంటుంది. ఆ పదిహేను రోజుల్లో నాలుగైదు ఎండలు చాలు.

మొదటి ఏడు నేను చేసిన ఘనకార్యం చెబుతాను. అపార్ట్‌మెంట్ మేడ మీద కందులు ఎండబెట్టి, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, వర్షం వస్తుందేమోనన్న టెన్షన్‌లో వేడి వేడిగా ఉన్నవాటిని అలాగే స్టీలు డబ్బాలో పోసి మూత బిగించాను. జూన్‌లో తీస్తే మూత లోపల నీటి బొట్లు, గింజల మీద తెల్లటి బూజు. వేడి గింజ చల్లారేటప్పుడు చెమట పడుతుంది. ఎండ తీశాక ఒక రాత్రంతా నీడన పరిచి చల్లారనిచ్చి, మర్నాడు పొద్దునే కుండలో పోయాలి. అమ్మకు ఫోన్ చేసి చెబితే "వేడి అన్నం మీద మూత పెడితే ఏమవుతుందో తెలీదా" అంది.

కుండ, గాదె, పాతర

తిండి గింజలు ఎక్కువగా ఉంటాయి కాబట్టి వాటి ఏర్పాటు వేరు. కోస్తాలో వడ్లకు వరిగడ్డితో పేనిన వెంటితో పురి కట్టేవారు. తెలంగాణలో వెదురు అల్లిక మీద పేడమట్టి మెత్తిన గుమ్మి. మాకు గాదె, జొన్నలు ఎక్కువైతే పాతర. మెరక నేలలో బావిలా తవ్వి, లోపల మంట వేసి గోడలు కాల్చి ఆరబెట్టి, అడుగునా చుట్టూ గడ్డీ ఊకా దట్టించి, జొన్నలు పోసి, మూతి రాతితో మూసి మట్టి మెత్తేవారు. లోపల గాలి అయిపోతే పురుగు బతకదు. బాగానే ఉండేది గానీ పాతర జొన్నకు ఒక వాసన, ఆ అన్నం నాకైతే ముద్ద దిగలేదు. ఆ ఉక్కపోతకు గింజ మొలక కూడా దెబ్బతింటుంది. అందుకే విత్తనాన్ని ఎప్పుడూ పాతరలో వేయలేదు. ఎవరైనా సరదాకి పాతర తవ్వుతుంటే ఒక మాట గుర్తుపెట్టుకోండి: తెరవగానే దిగొద్దు. గింజ ఊపిరి పీల్చి వదిలిన గాలి అడుగున నిలిచి మనుషులు చనిపోయిన సంగతులు ఉన్నాయి. మూత తీసి ఒక పూట వదిలేసి, లాంతరు దించి చూసేవారు. దీపం ఆరితే ఆ రోజు దిగేవారు కాదు. మా తాతయ్య అయితే దీపం వెలిగినా నడుముకు తాడు లేకుండా ఎవర్నీ దించనిచ్చేవాడు కాదు.

విత్తనానికి కుండ. కొత్త కుండ చెమరుస్తుంది, ఏడాది రెండేళ్ళు వాడిన కుండ వెతకండి. కడిగి నాలుగు రోజులు ఎండబెట్టి, వేపాకు పొగ లోపలికి పట్టించి బోర్లించండి. బయట పేడా మట్టీ కలిపి అలికితే మట్టి రంధ్రాలు మూసుకుంటాయి. అడుగున రెండు వేళ్ళ మందం బూడిద, గింజ, పైన మళ్ళీ బూడిద, మూతి మీద గుడ్డ, దాని మీద మూకుడు, అంచుకు పేడమట్టి. కుండ నేల మీద ఉండకూడదు. పీట మీదో అటక మీదో, గోడకు జానెడు దూరంగా ఉంచండి. కుండ దొరక్కపోతే గాజు సీసా కుండ కంటే మంచిదే, గింజ నిజంగా ఎండి ఉంటే. సగం పచ్చిగా ఉన్న గింజకు గాజు సీసా సమాధి.

బూడిద ఎందుకు? అది గింజల మధ్య సందుల్లో దూరి పురుగును కదలనివ్వదు, దాని ఒంటి మీది మైనపు పొరను గీకేసి ఎండగట్టేస్తుంది. పిడకల బూడిద, కట్టెల బూడిద ఏదైనా సరే జల్లించి చల్లారిందే వాడాలి. నీడన ఆరిన వేపాకు, వావిలాకు కలపండి. పచ్చి ఆకు వేశారో, దాని తడే గింజను పాడుచేస్తుంది. ఆ రోజుల్లోనే కొన్ని ఇళ్ళల్లో గమాక్సిన్ అనే పురుగుమందు పొడి గింజలకు కలపడం మొదలైంది, అదే చేత్తో అన్నం కూడా తిన్నారు పాపం. ఆ పని ఎవరూ మళ్ళీ చేయకండి. ఇప్పుడు పురుగు కోసం గింజల్లో పెట్టే గ్యాస్ బిళ్ళలు దానికంటే ప్రమాదం. మనుషులు పడుకునే ఇంట్లో, మూసిన గదిలో వాటిని పెట్టకండి.

కంది సంగతి వేరు

కంది పుచ్చితే "ఇంట్లో పురుగు పట్టింది" అంటాం. చాలాసార్లు అది చేలోంచే వస్తుంది. పెంకుపురుగు పచ్చి కాయ మీద గుడ్డు పెడుతుంది, పిల్లపురుగు గింజలోకి దూరుతుంది, మనం పైకి నున్నగా ఉందని దాస్తాం. నెల రోజులకు గుండ్రటి బెజ్జం చేసుకుని బయటికొచ్చి, పక్క గింజల మీద తెల్లటి చుక్కల్లా మళ్ళీ గుడ్లు పెడుతుంది. రెండు మూడు తరాలు గడిస్తే కుండలో పిండే మిగులుతుంది. కాబట్టి కందిని కోసిన నెలలోపే చూసుకోవాలి.

తిండి కందులకు మంచి మార్గం వాటిని కందులుగా ఉంచకపోవడమే. ఆ పురుగుకు గుడ్డు పెట్టడానికి నున్నటి నిండు గింజ కావాలి, బద్ద మీద దానికి అంత మోజు లేదు. ఎర్రమట్టిని నీళ్ళలో చిక్కగా కలిపి, కందులకు పట్టించి, రాత్రంతా కుప్పగా ఉంచి, రెండు మూడు ఎండలు ఎండబెట్టండి. పొట్టు వదులవుతుంది. తిరగలిలో విసిరి, చేటతో చెరిగితే బద్దలు. మట్టి పట్టించిన పప్పు ఉడికితే వచ్చే కమ్మదనం పాలిష్ పప్పుకు లేదు. ఇది నా పక్షపాతమే, ఒప్పుకుంటాను. తిరగలి లేనివాళ్ళు మిక్సీలో వేయొద్దు, నూకవుతుంది. పిండిమర అతన్ని బతిమాలుకోండి.

విత్తనం కందులకు ఆముదం. కిలో గింజలకు ఒక చిన్న చెంచా, అంటే 5 మిల్లీలీటర్లు చాలు. అరచేతులకు రాసుకుని గింజల్ని అటూ ఇటూ మర్దన చేసినట్టు కలపాలి. ప్రతి గింజ మీదా మెరుపు కనబడాలి, నూనె కారకూడదు. ఆ పొర కింద గుడ్డుకు ఊపిరాడదు. ఎక్కువ పోస్తే మొలకకు కూడా ఆడదు. తర్వాత మామూలుగా కుండ, బూడిద.

పెరటి గింజలు

వీటికి పెద్ద హంగామా అక్కర్లేదు. సొర, బీర, నేతిబీర కాయల్ని తీగ మీదే ఎండనిచ్చి, ఊపితే గలగలమన్నాక కోసి, అలాగే దూలానికి వేలాడదీయండి. కాయే డబ్బా. లోపల ఖాళీ చేసిన సొరబుర్రలో మిగతా గింజలు పోసి బిరడా పెట్టేవారు. దోస, గుమ్మడి, వంకాయ గింజల్ని గుజ్జు పోయేలా కడిగి, ఆరనిచ్చి, పచ్చి పేడలో కలిపి గోడకు పిడకలా కొట్టేవారు. పొయ్యి గోడకు కొడితే పొగా వెచ్చదనమూ కూడా తగిలేవి. మీ గోడకు పిడక కొట్టలేరు కాబట్టి బూడిదలో కలిపి కాగితం పొట్లం కట్టి, పేరూ నెలా రాయండి. పేరు రాయకపోతే మార్చిలో బీర ఏదో నేతిబీర ఏదో ఇంట్లో గొడవ.

ఒకే పెరట్లో రెండు రకాల సొర వేసి విత్తనం తీయకండి, తేనెటీగలు కలిపేస్తాయి. ఉల్లి గింజ ఏడాది దాటితే నమ్మొద్దు. వేరుశనగను కాయతోనే దాచి, వేసే వారం ముందే వలవాలి.

రోహిణి కార్తె: మొలక చూడండి

రోళ్ళు పగిలే ఎండలు. ఆవకాయలు పెట్టేసి ఉంటారు, మాగాయ ముక్కలు మేడ మీద ఎండుతుంటాయి. ఆవకాయ జాడీకీ విత్తనం కుండకీ మా ఇంట్లో ఒకటే చట్టం: తడిచెయ్యి పెట్టకూడదు. స్నానం చేసి జుట్టు తడిగా ఉన్నవాళ్ళని ఆ గదిలోకే రానిచ్చేది కాదు నాయనమ్మ. మడి అనుకునేవాళ్ళం, తడి భయమని తర్వాత అర్థమైంది.

కుండ దించి గుప్పెడు గింజలు తీయండి. పైన తీసింది చాలదు, అడుగు నుంచి, నడుమ నుంచి కూడా తీసి కలపండి. వాటిలోంచి కళ్ళు మూసుకుని వంద లెక్కపెట్టండి. బాగున్నవి ఏరితే మిమ్మల్ని మీరే మోసం చేసుకున్నట్టు. తడిపి పిండిన గోనెగుడ్డ మీద వరుసగా పేర్చి, చాపలా చుట్టి, నీడన పెట్టి, ఆరిపోకుండా నీళ్ళు చిలకరించండి. ఐదారు రోజులకు విప్పి లెక్కపెట్టండి. వేరూ మొలకా రెండూ సరిగ్గా వచ్చినవే లెక్క. బజారులో ధ్రువీకరించిన విత్తనానికి ఉండాల్సిన కనీస మొలక వరికి 80, జొన్నకూ కందికీ 75, వేరుశనగకు 70, బెండకు 65, మిరపకు 60. మిరపకు, వంగకు రెండు వారాలు ఓపిక పట్టాలి. మీ జొన్న 75 బదులు 60 మొలిచిందనుకోండి, నాలుగు కిలోల చోట ఐదు కిలోలు వేస్తే సరిపోతుంది. సగం కూడా మొలవకపోతే ఆ కుండను వంటింటికి పంపి వేరే విత్తనం చూసుకోండి.

వేరే విత్తనమంటే ఆ రోజుల్లో నాగు. గింజ అప్పు తీసుకుని పంటకు మరికొంత కలిపి తీర్చడం. చుట్టాల మధ్య మార్పిడి సరదాగానే ఉండేది. సెంటు భూమి లేనివాడికి, కరువేడు విత్తనం కూడా తినేయాల్సి వచ్చినవాడికి నాగు సరదా కాదు, ఏళ్ళ తరబడి మెడకు చుట్టుకున్న అప్పు. విత్తనం గదికి తాళం ఎందుకు వేసేవారో దీన్ని బట్టి తెలుస్తుంది. ఎంత ఆకలైనా, హరిదాసు వచ్చినా ఆ కుండలోంచి సోలెడు తీసేవారు కాదు.

సోల అంటే గుర్తొచ్చింది. మా వైపు నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. 1958 అక్టోబరు నుంచి కిలోలు రావడం మొదలైనా నాయనమ్మ చివరిదాకా మానికతోనే కొలిచింది. పాత కాగితాల్లో కొలతలు చూసి కిలోల్లోకి మార్చుకునేవాళ్ళు జాగ్రత్త, ఊరికో మానిక ఉండేది.

మృగశిర నుంచి పుష్యమి దాకా

తొలి జల్లు పడగానే విత్తనం పట్టుకుని పరిగెత్తకండి. జ్యేష్ఠ పున్నమికి ఏరువాక సాగుతుంది, ఎడ్లకు పసుపూ కుంకుమా పెడతారు, నాలుగు చాళ్ళు దున్నుతారు. అది పండగ. విత్తడం మాత్రం పదునును బట్టే. నల్లరేగడిలో జానెడు లోతు మట్టి తీసి పిడికిట బిగిస్తే ముద్ద కావాలి, వేలితో నొక్కితే విడిపోవాలి. పైన తడిసి కింద పొడిగా ఉంటే గింజ మొలిచి, వేరు దిగడానికి చోటు లేక మాడిపోతుంది.

కంది ఎకరానికి రెండు నుంచి నాలుగు కిలోలు. ఎంత నమ్మకమున్నా మూడో వంతు విత్తనం కుండలో ఆపండి. ఆరుద్రలో విత్తాక ఇరవై రోజులు చినుకు పడకపోతే, పునర్వసులోనో పుష్యమిలోనో చాళ్ళలో సందులు మళ్ళీ వేసుకోవాల్సి వస్తుంది. అప్పుడు బజారులో దొరికే విత్తనం ఎలాంటిదో మీకు తెలిసిందే. పుష్యమి వెళ్ళి చేను నిలబడ్డాక మిగిలిన కందులు వంటింటివే. బూడిద కడిగి, ఎండబెట్టి, పప్పు చేసుకోవచ్చు.

జొన్న కుండ

దీనికే ఎక్కువ కాపలా కావాలి. కంది జూన్, జులైలో భూమిలోకి పోతుంది. నల్లరేగడి జొన్న వానలన్నీ అయ్యాక, సెప్టెంబరు ఆఖరులో గానీ పడదు. అంటే వానాకాలమంతా ఆ గింజ కుండలోనే ఉండాలి. ముసురు పట్టిన రోజు కుండ మూత తీయొద్దు. మఖ, పుబ్బ కార్తెల్లో, ఆగస్టు నడుమ నుంచి సెప్టెంబరు రెండో వారం దాకా, ఎప్పుడో ఒకప్పుడు రెండు మూడు రోజులు తెరిపి ఇస్తుంది. ఆ తెరిపి కోసం కనిపెట్టుకుని ఉండి, పొద్దుటి ఎండ చూపించి, చల్లార్చి, కొత్త బూడిదతో మళ్ళీ మూయండి. చేను ఎండుతోందని మగవాళ్ళు ఆకాశం కేసి దిగులుగా చూసే రోజుల్లో, జొన్నలు ఎండబెట్టుకోవచ్చని నాయనమ్మ లోపల సంతోషించేదట. పైకి అనేది కాదు.

"ఉత్తర చూసి ఎత్తర గంప" అన్నారు. ఉత్తరలో కూడా వాన లేకపోతే ఊరు విడిచి పోవడమే అని. వాన పడిందా, హస్తలోనో చిత్తలోనో గొర్రు కట్టి జడ్డిగంలో (గొర్రు మీద విత్తనం పోసే గిన్నెలో) గింజ పోయాలి. విత్తే రోజు పొద్దున, ఆ పూటకు వేసేంత గింజకే గంధకం పొడి పట్టించండి. కిలోకు నాలుగు గ్రాములు. కాటుక తెగులుకు అది మందు, 1950ల్లోనే వ్యవసాయ శాఖ వాళ్ళు చెప్పి పట్టించిన పద్ధతి. కుండెడు గింజకూ ఒకేసారి పట్టిస్తే మిగిలింది మనిషి తినడానికి, పశువు తినడానికి పనికిరాదు. గుంతలో పూడ్చాల్సిందే.

మందు పట్టని జొన్నలు చిత్త దాటాక మిగిలితే బూడిద పోయేలా కడిగి ఎండబెట్టి, తిరగలికి పంపండి. ఏడాదంతా కళ్ళలో పెట్టుకుని దాచిన లావు గింజ. మా ఇంట్లో ఆ పూట రొట్టెలు చేసి గోంగూర నూరేవారు. విత్తనం గింజ రొట్టె ఎక్కువ పొంగుతుందని మా పెదనాన్న ఇప్పటికీ వాదిస్తాడు.